నీరుగొబ్బి పూసే అంచు

(ఫిబ్రవరి 2, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పొద్దున్న ఇక్కడికి వస్తూ దారిలో ఒక చెరువు దగ్గర ఆగి ఈ కొమ్మ కోసుకొచ్చాను. నీళ్ళ సీసాలో పెట్టి బల్ల మీద ఉంచాను. వెనక బెంచీల వాళ్ళకు కనిపించకపోతే ముందుకు వచ్చి చూడండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు. నా బొటనవేలికి ఇప్పటికే రెండుచోట్ల గుచ్చుకుంది.

సభ మొదలయ్యే లోపు ముందు వరసలో కూర్చున్న పిల్లల్ని ఇదేం మొక్కో చెప్పమన్నాను. ఇద్దరు "ముళ్ళకంప" అన్నారు. ఒకమ్మాయి "మా పొలం గట్టు మీద చూశాను సార్, పేరు తెలీదు" అంది. ఆ అమ్మాయి మాట పట్టుకునే ఈ రోజు మాట్లాడతాను. చూశాం, పేరు తెలీదు. మన జిల్లాలో పల్లపు పొలాల పక్క పుట్టిన ప్రతివాళ్ళూ ఈ మొక్కను చూసే ఉంటారు. పేరు మాత్రం మన తరంలోనే చేజారింది.

దీని పేరు నీరుగొబ్బి. గొలిమిడి అని కూడా అంటారు. సంస్కృతంలో కోకిలాక్షం.

ముందు మొక్కను చూద్దాం. కాండం పలకలుగా ఉంటుంది, గుండ్రంగా ఉండదు. సన్నటి నూగు ఉంటుంది. కణుపు దగ్గర కొంచెం ఉబ్బి ఉంటుంది. మొక్క ఎదిగితే మీ నడుము దాకా, మంచి తడి ఉన్నచోట ఛాతీ దాకా వస్తుంది. ఆ కణుపు దగ్గరే ఉంది దీని అందమంతా. ఒక్కో కణుపు చుట్టూ ఆరు ఆకులు. వాటిలో బయటి రెండు పెద్దవి, లోపలి నాలుగు చిన్నవి. ప్రతి ఆకు మొదట్లో ఒక ముల్లు. అంటే ఆరు ఆకులకు ఆరు ముళ్ళు, పసుపు రంగులో, నిటారుగా, చుక్కకు గీసిన కిరణాల్లా బయటికి చూస్తూ ఉంటాయి. ఆ ముళ్ళ మధ్యలోంచి పూలు వస్తాయి. జంటలుగా వస్తాయి, సాధారణంగా నాలుగు జంటలు, ఎనిమిది పూలు. అన్నీ ఒకేసారి విచ్చుకోవు.

పువ్వు రంగును ఊదా అంటాం. మన వైపు వంకాయ రంగు అంటే ఇంకా బాగా తెలుస్తుంది. మూడు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. నోరు తెరిచినట్టు రెండు పెదవులు: పై పెదవి రెండుగా చీలి ఉంటుంది, కింది పెదవి మూడుగా. తేనెటీగ వచ్చి వాలేది కింది పెదవి మీద. అది దానికి అరుగు లాంటిది. అక్కడ వాలి తల లోపలికి పెట్టగానే పై పెదవి కింద దాక్కున్న కేసరాలు దాని వీపుకు పుప్పొడి రాస్తాయి. ఇది చూడాలంటే ఉదయం పూట ఒక పావుగంట కదలకుండా నిలబడాలి, అంతే. ఏ పరికరమూ అక్కర్లేదు.

ఈ పువ్వును చూస్తే మీకు ఏదో గుర్తు రావాలి. అమ్మాయిలకు ముందు తడుతుంది. అవును, డిసెంబరం పూలు. చలికాలం వచ్చిందంటే మన అమ్మలు, అమ్మమ్మలు మాల కట్టి జడలో పెట్టుకునే ఆ ఊదా పూలు దీని దగ్గరి చుట్టాలు. కనకాంబరం, అడ్డసరం, నేలవేము కూడా ఈ కుటుంబమే. డిసెంబరం జాతి మొక్కల్ని తెలుగువాళ్ళు ఎప్పటినుంచో గొబ్బి అంటున్నారు. నీటి దగ్గర పెరిగే గొబ్బి కాబట్టి ఇది నీరుగొబ్బి. బడికి వెళ్ళని రైతులు, పశువుల కాపరులు, మందులమ్మే ముసలమ్మలు పెట్టిన పేరు ఇది. మరోపక్క, మొక్కల వర్గీకరణకు మూలపురుషుడని మనం పాఠాల్లో చదువుకునే లిన్నేయస్ 1756లో ఇదే మొక్కకు పేరు పెడుతూ దీన్ని బార్లేరియా ప్రజాతిలో చేర్చాడు. బార్లేరియా అంటే డిసెంబరం పూల ప్రజాతే. స్వీడన్‌లో కూర్చున్న పండితుడికీ మన గట్టు మీద నడిచే మనిషికీ పోలిక ఒకటే కనిపించింది. నేను పాఠం చెప్పే రోజుల్లో ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. ఇప్పటికీ అంతే.

తర్వాత శాస్త్రవేత్తలు దీన్ని అక్కడినుంచి తీసి వేరే చోట పెట్టారు. ఒక పేరు ఆస్టరకాంత, అంటే నక్షత్రాల్లాంటి ముళ్ళున్నది. ఇప్పుడు ఎక్కువ పుస్తకాల్లో హైగ్రోఫిలా ఆరిక్యులేటా అని ఉంటుంది. గ్రీకులో హైగ్రోస్ అంటే తడి, ఫిలోస్ అంటే ఇష్టపడేది. తడిని ఇష్టపడేది! కొన్ని పుస్తకాల్లో హైగ్రోఫిలా షుల్లి అని కనిపిస్తుంది. ఆ షుల్లి లాటిన్ మాట కాదు, మలయాళం. 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా అచ్చయిన హోర్తుస్ మలబారికుస్‌లో కేరళ మొక్కల బొమ్మలు, పేర్లు ఉన్నాయి. ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడు మొక్కల గుణాలు చెబితే డచ్చివాళ్ళు రాసుకున్నారు. అందులో దీని పేరు వయల్‌చుళ్ళి. వయల్ అంటే వరిమడి. చుళ్ళి అలా అలా వెళ్ళి శాస్త్రీయ నామం అయి కూర్చుంది.

మన తెలుగు మాటకు అంత అదృష్టం పట్టలేదు గాని, రాసుకున్నవాళ్ళు మనకూ ఉన్నారు. విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్ళేముందు ఏళ్ళ తరబడి సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కలను సేకరించాడు, బొమ్మలు గీయించాడు. మొక్క పక్కన తెలుగు పేరు అడిగి రాయించుకున్నాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ళెవరో మనకు తెలియదు. వాళ్ళ నోటి మాట మాత్రం కాగితం మీద మిగిలింది.

నాకు ఈ మొక్కతో మొదటి పరిచయం కాలి కింద అయింది. మాది వంశధార కింద పల్లపు ఊరు. ఏడెనిమిదేళ్ళప్పుడు గేదెల్ని చెరువులోంచి బయటికి తోలుతూ ఎండిన నీరుగొబ్బి మీద అడుగు వేశాను. పచ్చిదానికంటే ఎండిన ముల్లు చాలా గట్టిది. మడమలో దిగి లోపలే విరిగింది. మా మామ్మ అరుగు మీద కూర్చోబెట్టి, పిన్నీసుతో తీసి, పసుపు అద్ది, నా ఏడుపు ఆపడానికి ఒక మాట చెప్పింది: "గేదెకున్న బుద్ధి నీకు లేకపోయింద్రా. అదెప్పుడైనా దాని మీద కాలేసిందేటి?" అది నిజమే. గేదె, ఆవు, మేక ముదిరిన నీరుగొబ్బి జోలికి పోవు. చుట్టూ గడ్డి గీకినట్టు మేసేసినా నీరుగొబ్బి గుబురు మధ్యలో గడ్డి పచ్చగా, ఎత్తుగా మిగిలి ఉంటుంది. పెద్దయ్యాక తెలిసింది, ఆ మిగిలిన గడ్డిలోనే కప్పలు, చిన్న పురుగులు, గడ్డి పిట్టలు తలదాచుకుంటాయని. ముల్లు మొక్క తన కోసం పెంచుకుంది. నీడ మాత్రం అందరికీ దొరికింది.

సీతాకోకచిలుకల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నారింజ రంగు రెక్కల మీద నెమలి కన్నులాంటి చుక్కలున్న సీతాకోకచిలుకను మీరంతా చూసి ఉంటారు. ఇంగ్లీషులో పీకాక్ పాన్సీ అంటారు. అది గుడ్లు పెట్టే మొక్కల్లో నీరుగొబ్బి ముఖ్యమైనది. గొంగళిపురుగు ఈ ఆకే తిని పెరుగుతుంది. వానాకాలంలో పుట్టిన సీతాకోకచిలుక రెక్క అడుగున కళ్ళు కనిపిస్తాయి. ఎండాకాలంలో పుట్టినదానికి అవి ఉండవు, రెక్కలు మూస్తే అచ్చం ఎండుటాకులా ఉంటుంది. తడీ పొడీ మారే చోట బతికే జీవులు ఇలా రెండు వేషాలు నేర్చుకుంటాయి.

ఇప్పుడు గింజ. మీరు చిన్నప్పుడు ఒక ఆట ఆడి ఉంటారు. బడి ఆవరణలో ఊదా పూలు పూసే ఒక మొక్క ఉంటుంది, దాని సన్నటి ఎండు కాయను నోట్లో తడిపి అరచేతిలో పెట్టుకుంటే టప్‌మని పేలుతుంది. అది అమెరికా నుంచి వచ్చిన మొక్క, కానీ ఈ కుటుంబానిదే. నీరుగొబ్బి కాయ కూడా పండి ఎండాక రెండు ముక్కలుగా విచ్చుకుని గింజల్ని విసురుతుంది. గింజ కింద చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది. కాయ విచ్చుకునేటప్పుడు అది గింజను ఎగరగొడుతుంది. ఉండేలు బద్ద పనిచేసే తీరే.

ఆ గింజను ఇంటికి పట్టుకెళ్ళి నీళ్ళలో వేసి చూడండి. నిమిషాల్లో దాని చుట్టూ తెల్లటి జిగురు పొర వస్తుంది. గింజ మీద అంటుకుపోయి ఉన్న సన్నని వెంట్రుకలు తడి తగలగానే లేచి నిలబడి జిగురుగా మారతాయి. సబ్జా గింజల్లా అన్నమాట. ఈ జిగురు ఎందుకు? చెరువు అంచున మొదటి వాన పడగానే గింజ బురదకు అతుక్కుపోవాలి. లేకపోతే వరద దాన్ని లోతుకు ఈడ్చుకుపోతుంది, అక్కడ మొలవలేదు. కొంగ కాలికో, గేదె గిట్టకో అతుక్కుంటే ఇంకో చెరువు అంచుకు చేరుతుంది. ఎటు చూసినా ఈ మొక్క కష్టమంతా అంచు దగ్గర నిలబడటానికే.

ఆ అంచు గురించి చెప్పడానికే నేను వచ్చాను.

నీరుగొబ్బి లోతు నీళ్ళలో పెరగదు, తామర కాదు. మెరకలోనూ పెరగదు. వానాకాలంలో చీలమండ దాకా నీళ్ళు నిలిచి, సంక్రాంతి నాటికి నీరు తీసి నేల మెత్తగా మిగిలే చోటు దానికి కావాలి. చెరువు లోపలి ఏటవాలు, మదుము దగ్గర ఎప్పుడూ కారే తడి, గెడ్డ పక్క పల్లం, రోడ్డు పక్క గుంట, పొలం గట్టు కింద ఊట. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పూస్తుంది. అంటే చెరువు నిండినప్పుడు మొదలుపెట్టి, ఎండేదాకా పూస్తూనే ఉంటుంది. నీటి వెనకాలే నడిచి వచ్చే పువ్వు. ఊదా రంగు ఎక్కడ ఉందో చూస్తే చాలు, నిరుడు వానల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసినట్టు తెలుస్తుంది.

అలాంటి నేలకు మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. బంద, గుంట, పల్లం, పర్ర, తంపర, బీల. సోంపేట, కవిటి వైపు వెళ్ళి బీల అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. సంతబొమ్మాళి వైపు తంపర. ఈ మాటలన్నీ తడీ పొడీ కలిసిన నేలకే. అవసరం లేకపోతే ఏ భాషలోనూ ఇన్ని మాటలు పుట్టవు. అక్కడ చేపలు పట్టారు, తుంగ కోశారు, పశువుల్ని మేపారు, నీరు తీశాక పంట వేశారు.

ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఇలాంటి నేలలకు చాలాసార్లు ఒకటే మాట పడుతుంది: బంజరు. మాట మారితే ఎంత దూరం వెళ్తుందో ఈ జిల్లాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం నిలబడినప్పుడు, 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఎనిమిది నెలలు తిరగకుండా 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గర మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది అప్పటికి పసిపిల్లలు. అందుకే చెబుతున్నాను. బీల అంటే ఖాళీ నేల కాదని చెప్పడానికి మనవాళ్ళు ప్రాణాలిచ్చారు.

ఈ రోజుకు పేరు ఇచ్చిన ఒప్పందం 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరింది. అందులో చిత్తడి నేలకు చెప్పిన అర్థం చాలా విశాలమైనది: సహజమైనదైనా మనిషి చేసినదైనా, శాశ్వతమైనా తాత్కాలికమైనా, నిలిచిన నీరైనా పారే నీరైనా, మంచినీరైనా ఉప్పునీరైనా. తాత్కాలికమైనా అన్న ఆ ఒక్క మాట నాకు చాలా ఇష్టం. ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే తడిసే మన బందలు కూడా అందులోకి వస్తాయి. మన దేశంలో 2017లో వచ్చిన చిత్తడి నేలల నిబంధనలు మాత్రం వరి పొలాలనూ, తాగునీటికీ సాగునీటికీ ప్రత్యేకంగా తవ్విన చెరువులనూ, ఉప్పు మడులనూ లెక్కలోంచి తీసేశాయి. మన జిల్లాలో నీరుగొబ్బి పూసే అంచులు ఎక్కువ భాగం సాగునీటి చెరువులవే. అంటే చట్టం గొడుగు వాటి మీద లేదు. ఊరివాళ్ళ కన్నే వాటికి కాపలా.

ఆ కన్ను కూడా మారింది. మా ఊరి చెరువు సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట పూడిక తీయిస్తామని యంత్రాలు వచ్చాయి. మంచి పనే అనుకున్నాం, నేనూ సంతోషించాను. పూడిక తీయడం తప్పు కాదు, మా తాతల కాలంలో ఏటా ఎండాకాలం బళ్ళకెత్తి పొలాలకు తోలుకునేవాళ్ళు. కానీ వాళ్ళు మధ్యలో తవ్వేవాళ్ళు. అంచు ఏటవాలుగా అలాగే ఉండేది. ఇప్పుడు పొక్లెయిన్ అంచు నుంచే మొదలుపెట్టి గోడలా నిలువుగా చెక్కింది. చుట్టూ గట్టుకు రాయి కట్టారు. నీళ్ళు ఎక్కువే నిలుస్తున్నాయి. కానీ గేదె దిగడానికి దారి లేదు, పిల్లలు దిగడానికి భయం. ఆ ఏడాది నవంబరులో వెళ్ళి చూస్తే ఒక్క ఊదా పువ్వు లేదు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "ఏటి వెతుకుతున్నావు బాబూ, ఆ ముళ్ళకంప కోసమా? పోయింది, పీడ వదిలింది" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. ఆ ముల్లు ఆయన కాల్లోనూ ఎన్నోసార్లు దిగి ఉంటుంది. తర్వాత ఏడాది ఆయనే చెప్పాడు, వానాకాలంలో కొర్రమీను పిల్లలు కనిపించడం లేదని. కొర్రమీను లోతు నీళ్ళలో గుడ్లు పెట్టదు. అంచున, మొక్కల మధ్య నీటిని శుభ్రం చేసుకుని, గూడులా చేసుకుని పెడుతుంది. తల్లీతండ్రీ అక్కడే కాపలా కాస్తాయి. మొక్కా లేదు, అంచూ లేదు. ఇక పిల్లలు ఎక్కడినుంచి వస్తాయి?

టెక్కలి దగ్గర తేలినీలాపురం మీరంతా చూసిందే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఆ ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఆ పక్షులకు మేత ఎక్కడిది? నౌపడ చిత్తడిలోంచి, చుట్టుపక్కల చెరువుల్లోంచి, నీళ్ళు నిలిచిన మడుల్లోంచి. గూడు ఒక్కటే కాపాడితే సరిపోదు, వంటిల్లు కూడా ఉండాలి. ఆ వంటిల్లు ఈ లోతులేని అంచు.

ఊదా పూలన్నీ మంచివే అని నేను అనడం లేదు. మన చెరువుల్లో ఊదాగా పూసే ఇంకో మొక్క ఉంది, గుర్రపుడెక్క. పువ్వు చూస్తే చాలా అందంగా ఉంటుంది, నెమలి ఈకలాంటి మచ్చతో. దాని సొంత ఊరు దక్షిణ అమెరికా, అమెజాన్ నదీ ప్రాంతం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు చేరి అక్కడినుంచి దేశమంతా పాకింది. అనుకూలమైన నీళ్ళలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. చెరువు మీద దుప్పటి కప్పినట్టు కప్పేస్తే కింద నీటికి వెలుతురు ఉండదు, గాలి ఉండదు, చేపలు చస్తాయి. దాన్ని తీయాల్సిందే. మన బాధ ఏమిటంటే, కలుపు తీయించే రోజున గుర్రపుడెక్కతో పాటు నీరుగొబ్బిని కూడా ఒకే కుప్పలో వేసి తగలబెడుతున్నాం. ఒకటి నీటి మీద తేలే పరాయిది, ఇంకొకటి నేలలో వేరున్న మనది. రెండూ ఊదాగా పూస్తాయి కాబట్టి రెండూ కలుపే అనుకోవడం, మనుషుల్ని చొక్కా రంగు చూసి లెక్కకట్టడం లాంటిది.

ఇదే సంగతి ప్రపంచంలో ఇంకోచోట తలకిందులుగా జరిగింది. యూరప్ చిత్తడి పచ్చికల్లో పర్పుల్ లూస్‌స్ట్రైఫ్ అనే మొక్క ఉంది. మన గోరింటాకు, దానిమ్మ కుటుంబానికి చెందినది. నిలువెత్తు కంకుల్లా ఊదాగా పూస్తుంది. అక్కడ అది ఇంటి మొక్క. డార్విన్ దాని పూలలో మూడు రకాలున్నాయని, ఒక రకం పుప్పొడి ఇంకో రకానికి ఎలా సరిపోతుందో పరిశోధించి మురిసిపోయాడు. అదే మొక్క పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఓడల అడుగున బరువు కోసం వేసిన మట్టిలో గింజలుగా ఉత్తర అమెరికా చేరింది. ఒక్క పెద్ద మొక్క ఏడాదికి ఇరవై లక్షలకు పైగా గింజలు రాలుస్తుంది. అక్కడ దాన్ని తినే పురుగులు లేవు. చిత్తళ్ళను ఆక్రమించేసింది. చివరికి 1992 నుంచి యూరప్‌లో దాని ఆకులు తినే పెంకుపురుగుల్నే తెచ్చి వదలాల్సి వచ్చింది. మొక్కలో తప్పు లేదు, చోటు మారింది. మన నీరుగొబ్బికి చోటు మారలేదు. దాన్ని తినే పురుగు ఇక్కడే ఉంది, దాని నీడన బతికే కప్ప ఇక్కడే ఉంది. అందుకే అది ఎన్ని వందల ఏళ్ళు ఉన్నా మన చెరువుల్ని కప్పేయలేదు.

మందు సంగతి అడుగుతారని తెలుసు, ఆ నాలుగు మాటలూ చెప్పేస్తాను. వాగ్భటుడు అష్టాంగహృదయంలో వాతరక్తం అనే కీళ్ళ జబ్బుకు కోకిలాక్ష కషాయం తాగుతూ ఆ ఆకునే కూరగా తినమన్నాడు. దయను అలవాటు చేసుకుంటే కోపం ఎలా అణిగిపోతుందో, దీనితో ఆ జబ్బు అలా అణుగుతుందని పోలిక చెప్పాడు. వైద్య గ్రంథంలో ఇంత మెత్తని పోలిక నేను ఇంకెక్కడా చదవలేదు. గింజల్ని ఉత్తరాదిన తాల్‌మఖానా పేరుతో అమ్ముతారు. ఇప్పుడు మన సూపర్‌మార్కెట్లలో పేలాల్లా దొరికే మఖానా వేరు, అది బీహార్ చెరువుల్లో పెరిగే ముళ్ళ కలువ గింజ. పేరు కలిసింది గాని మొక్కలకు చుట్టరికం లేదు. బెంగాల్‌లో దీన్ని కులేఖాడా అంటారు. ముల్లు రాని లేత ఆకును కూర వండుకుంటారు, రక్తం పడుతుందని బాలింతలకు రసం ఇస్తారు. మన ఇచ్ఛాపురం దాటితే ఒడియాలో కొయిలిఖియా. కోకిలాక్షంలోని కోయిల అక్కడా వినిపిస్తోంది చూడండి. ఒకసారి ఆ వైపు ఒక స్నేహితుడి ఇంట్లో వాళ్ళమ్మగారు లేత ఆకులు వేసి పప్పు వండి పెట్టారు. ఏ ఆకో చెప్పకుండా పెట్టి, తిన్నాక చెప్పారు. నా మడమలో దిగిన మొక్క నా కంచంలోకి వచ్చింది!

కానీ ఒక హెచ్చరిక. మీలో ఎవరూ ఈ మాట విని ఇంట్లో షుగరుకో కిడ్నీకో దీన్ని వాడటం మొదలుపెట్టకండి. ఎలుకల మీద చేసిన పరిశోధనలు చాలా ఉన్నాయి, వాటిని మనుషులకు కొలత చేసుకోకూడదు. పైగా ఇప్పుడు రోడ్డు పక్క గుంటల్లోకి ఏ మురుగు వస్తుందో, ఏ పురుగుమందు కడిగిన నీరు వస్తుందో మనకు తెలీదు. అక్కడి ఆకు తినొద్దు.

పేర్ల దగ్గరికి తిరిగి వస్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వ్యావహారిక భాష కోసం పోరాడారని మనం పుట్టినరోజు చేస్తాం. కానీ ఆయన చేసిన ఇంకో పని నాకు అంతకంటే దగ్గరగా అనిపిస్తుంది. సవర భాష నేర్చుకోవడానికి సవరల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నోట వచ్చిన మాటను వచ్చినట్టే రాసుకుని, నిఘంటువు కట్టారు. మాట ఎక్కడ బతికి ఉందో అక్కడికి వెళ్ళాలి అన్నది ఆయన పద్ధతి. మొక్కల పేర్లు ఇప్పుడు బతికి ఉన్నది డెబ్భై దాటినవాళ్ళ నోళ్ళలో. మీ ఇళ్ళలో, మీ మామ్మల దగ్గర, మీ ఊళ్ళో పసుల కాపరి దగ్గర. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌లో పెడితే లాటిన్ పేరు వస్తుంది. గొలిమిడి అని మాత్రం రాదు. ఆ మాట మీరే అడిగి రాసుకోవాలి. ఏ ఊళ్ళో ఏమంటారు, దేనికి వాడేవాళ్ళు, ఏ చెరువు దగ్గర పూసేది, ఇప్పుడు పూస్తోందా. ఒక నోటుపుస్తకం చాలు. ఒక్కొక్కరు ఒక్క చెరువు తీసుకోండి. ఊళ్ళో పూడిక పని వచ్చినప్పుడు ఆ పుస్తకం పట్టుకుని పంచాయతీకి వెళ్ళి, మధ్యలో ఎంతైనా తవ్వండి, ఈ వైపు ఏటవాలు మాత్రం ఉంచండి అని అడగొచ్చు. ఒక్క వైపు మిగిలినా చాలు. గింజ బురదకు అతుక్కుని మళ్ళీ మొలుస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది కదా. ఆ వారం తర్వాత నేను ఒక ఊరి చెరువు చూశాను. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, గట్టు సగం కోసుకుపోయింది. మిగిలిన సగం ఏటవాలు బురదలో నీరుగొబ్బి వంగి, కొసలు పైకి లేపి, రెండు మూడు పూలు పూసి ఉంది. దాని వేళ్ళ కింద మట్టి ఉన్నచోటే ఉంది. నేను దాన్ని గొప్పగా వర్ణించను. చూసింది చూసినట్టు చెబుతున్నాను.

ఇక ప్రశ్నలు అడగండి. రేపు ఆదివారం ఉదయం ఆరున్నరకు, రాదలచుకున్నవాళ్ళు కాలేజీ గేటు దగ్గర ఉండండి. ఈ కొమ్మ కోసిన చెరువు దగ్గరికే నడుచుకుంటూ వెళ్దాం. తేనెటీగలు ఎండ కొంచెం ఎక్కాకే వస్తాయి, అప్పటిదాకా కణుపుకు ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టొచ్చు. కాయలు కొన్ని ఎండి ఉన్నాయి, గింజలు కూడా దొరుకుతాయి. చెప్పులేసుకుని రాకండి, బూట్లు వేసుకోండి. పిన్నీసు, పసుపు నేను తెస్తాను.